కిటికీలు అదిరే ఊరు

ఈమధ్య అమ్మని చూడ్డానికి ఆర్లాండో నుంచి టైటస్‌విల్‌కి కారులో వెళుతుంటే, దారిలో ఒకచోట నారింజ పూల వాసన గుప్పుమంది. బండి పక్కకి ఆపి, అద్దాలు దించి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇండియన్ రివర్ ప్రాంతంలో ఒకప్పుడు ఎటు చూసినా నారింజ తోటలే. 2005లో ఫ్లోరిడాలో అడుగుపెట్టిన గ్రీనింగ్ తెగులు వాటిని చాలావరకు తినేసింది. ఎక్కడో మిగిలిన తోట ఒకటి ఆ పూట పూసి ఉంది. ఆ వాసన తగిలితే నాకు ఏప్రిల్ గుర్తొస్తుంది. ఏప్రిల్ అంటే 1981. కొలంబియా అనే అంతరిక్ష ఓడ మొదటిసారి పైకి లేచిన ఏప్రిల్.

మా నాన్న గుంటూరులో డాక్టరీ చదివారు. అమెరికాలో చిన్న ఊళ్ళకి డాక్టర్లు దొరకని రోజుల్లో మమ్మల్ని తీసుకుని ఆ ఊరొచ్చారు. తెలుగు మాట వినిపించేది మా ఇంట్లోనే. ఇంటికి నాలుగు వీధుల అవతల ఇండియన్ రివర్. పేరుకి నదే కానీ అది సముద్రం నుంచి చీలిన ఉప్పునీటి పాయ, మన కృష్ణా జిల్లా వాళ్ళయితే ఉప్పుటేరు అంటారు. దాని అవతలి ఒడ్డున మెరిట్ ఐలండ్, అక్కడ రాకెట్లను నిలబెట్టి బిగించే 160 మీటర్ల భవనం. వర్షం పడ్డ రోజు తప్ప ఎప్పుడూ కనిపించేది.

మేం వెళ్ళేనాటికి ఊరు దిగాలుగా ఉండేది. చంద్రుడి మీదికి ప్రయాణాలు ఆగిపోయాక వేల ఉద్యోగాలు పోయాయి. కొన్ని వీధుల్లో వరసగా ఇళ్ళకి తాళాలు, గడ్డి పెరిగిన వాకిళ్ళు. 1975 జులై తర్వాత దాదాపు ఆరేళ్ళపాటు అమెరికా నుంచి ఒక్క మనిషి కూడా అంతరిక్షంలోకి వెళ్ళలేదు. కిరాణా కొట్లో, పెట్రోలు బంకులో, నాన్న ఆసుపత్రి వరండాలో, ఎక్కడ విన్నా ఒకటే మాట: షటిల్ ఎప్పుడు? షటిల్ అంటే వెళ్ళి తిరిగొచ్చి మళ్ళీ ఎగిరే రెక్కల ఓడ.

*

ఆ షటిళ్ళలో ఒకటైన కొలంబియా 1979 మార్చిలో వచ్చింది. బోయింగ్ 747 వీపు మీద కూర్చుని వచ్చింది. మా స్కూల్లో అందర్నీ మైదానంలోకి వదిలారు. తలెత్తి చూస్తుంటే పెద్ద విమానం మీద చిన్న విమానం. చిన్నదాని ఒళ్ళంతా మచ్చలు మచ్చలుగా ఉంది. అది ఇంకా పూర్తికాని ఓడ. వేడి నుంచి కాపాడే టైల్స్ దాదాపు 31,000 కావాలి. అందులో వేలకి వేలు అసలు అతికించనే లేదు. పైగా కాలిఫోర్నియా నుంచి వచ్చే దారిలో కొన్ని ఊడిపోయాయి కూడా. రెండేళ్ళ ఆలస్యానికి ఇంజన్లు ఒక కారణమైతే, రెండోది ఆ టైల్సే.

ఆ పని కోసమే కంపెనీలు ఊళ్ళో దొరికిన వాళ్ళనల్లా తీసుకున్నాయి. కాలేజీ పిల్లలు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు, ఎవరైనా సరే, చేతులు నిదానంగా ఆడితే చాలు. మా పక్కింటమ్మాయి అలా వెళ్ళింది. అప్పటిదాకా చేపల హోటల్లో వడ్డన చేసేది. నాకంటే పదేళ్ళకి పైగానే పెద్దది కాబట్టి మా ఇంట్లో అందరికీ ఆమె పక్కింటి అక్క. ఇప్పటికీ అలాగే పిలుస్తాను, ఆమెకీ ఆ పిలుపు అలవాటైపోయింది.

ఆమెది రాత్రి షిఫ్టు. నేను స్కూలు బస్సు కోసం వాకిట్లో నిలబడే వేళకి ఆమె కారు వచ్చి ఆగేది. అమ్మ ప్లేట్లో ఇడ్లీలు పెట్టి, పైన నెయ్యి వేసి కంచె మీద నుంచి అందించేది. "ఇవాళ ఎన్ని?" అని అమ్మ అడిగేది. అక్క ఒక వేలు చూపించేది. చాలా రోజులు తల అడ్డంగా ఊపేది. వారమంతా పనిచేస్తే మనిషికి ఒకటో రెండో టైల్స్ పూర్తయ్యేవి. మాకు నమ్మబుద్ధి అయ్యేది కాదు. గోడకి పలక అతికించడానికి రాత్రంతా ఏమిటని అమ్మ ఆశ్చర్యపోయేది.

అప్పుడు అక్క మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. టైల్ అంటే శుద్ధమైన ఇసుక నుంచి తీసిన సిలికా పోగులు, లోపల తొంభై శాతం ఖాళీ. థర్మోకోల్ ముక్కలా తేలిగ్గా ఉంటుంది. వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలోంచి తీసి, మధ్యలో ఎర్రగా మెరుస్తుండగానే అంచులు పట్టుకుని చేతిలో పెట్టుకోవచ్చు. కానీ వేలితో గట్టిగా నొక్కితే చొట్ట పడుతుంది. ఓడ ఒళ్ళేమో అల్యూమినియం. వేడికి సాగుతుంది, గాలికి వంగుతుంది. టైల్ సాగదు, వంగదు. నేరుగా అతికిస్తే పగిలిపోతుంది. అందుకని మధ్యలో మెత్తటి ఫెల్ట్ వేసి, సిలికోన్ జిగురుతో పట్టించి, గంటల తరబడి అదిమి ఉంచి, ఆఖర్న పీకి చూస్తారు. పరీక్షకి ఆగకపోతే మళ్ళీ మొదటికి. కొన్నిచోట్ల అతికించినవి తీసేసి, అడుగుభాగాన్ని గట్టిపరిచి, మళ్ళీ అతికించారు. దాదాపు ప్రతి టైల్‌దీ వేరే ఆకారం, ప్రతిదానికీ ఒక నంబరు. దాని చోటులో ఇంకొకటి పట్టదు.

ఆమె గోళ్ళ కింద ఎప్పుడూ జిగురు ఎండి ఉండేది. నేను ఆ చేతుల్ని చూస్తూ కూర్చునేదాన్ని. రాకెట్టంటే మంట, పొగ, టీవీలో అంకెలు అనుకునే వయసులో, అది మా పక్కింటి వాళ్ళ చేతుల్లోంచి బయటికొచ్చే వస్తువని నాకు ఆ టేబుల్ దగ్గరే తెలిసింది.

*

మొదటి ప్రయాణానికి మూడు వారాల ముందు ఒక రోజు సైరన్లు వినిపించాయి. ప్రాక్టీస్ కౌంట్‌డౌన్ అయిపోయాక కొందరు టెక్నీషియన్లు ఓడ వెనక భాగంలోకి వెళ్ళారు. అగ్నిప్రమాదం రాకుండా అందులో నైట్రోజన్ నింపి ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు లేదని తెలిసేలోపే పడిపోయారు. జాన్ బియోర్న్‌స్టాడ్ ఆ రోజే పోయాడు. ఫారెస్ట్ కోల్ ఏప్రిల్ మొదట్లో కన్నుమూశాడు. కొలంబియా చరిత్రలో మొదటి ప్రాణాలు నేల మీదే పోయాయి. తర్వాత కక్ష్యలోకి చేరాక, ఓడలో వెళ్ళిన ఇద్దరిలో ఒకడైన క్రిపెన్ వాళ్ళని తలుచుకున్నాడు. ఈ సంగతి రాయని వ్యాసాలు చాలా చదివాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ వారం అక్క ఇడ్లీలు తీసుకుంది కానీ మాట్లాడలేదు.

*

ఉగాది వెళ్ళింది. శ్రీరామనవమి రోజులు. అమ్మ పానకం చేసి ఫ్లాస్కులో పోసింది, వడపప్పు డబ్బాలో సర్దింది. తెల్లవారుజామున చీకట్లోనే నది ఒడ్డుకి వెళ్ళాం. రోడ్డు పొడవునా కార్లు, ట్రక్కులు, గుడారాలు, మడత కుర్చీలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు రెండు మూడు రోజులుగా అక్కడే నిద్రపోతున్నారు. దోమలు కుట్టేస్తున్నాయి. ప్రతి కారులో రేడియో పెట్టి ఉంది, అన్నింట్లోనూ ఒకే గొంతు అంకెలు చదువుతోంది. ఒడ్డంతా ఒకే గొంతు. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళది, ఒక్కో ఫోనులో మాట కొన్ని సెకన్ల తేడాతో వస్తుంది. ఆ ఏకకంఠం మళ్ళీ వినలేదు.

శుక్రవారం ఎగరలేదు. ఓడలో నాలుగు ముఖ్యమైన కంప్యూటర్లు, అవి చెడితే ఆదుకోడానికి అయిదోది. ఆ అయిదోదానికీ మిగతావాటికీ సెకనులో ఇరవైఅయిదో వంతు తేడా వచ్చింది. అంతే, వాటి మధ్య మాట కలవలేదు. అందరూ కుర్చీలు మడిచారు.

ఆదివారం మళ్ళీ వెళ్ళాం. ఏప్రిల్ 12. సరిగ్గా ఇరవయ్యేళ్ళ కిందట గగారిన్ మొట్టమొదటి మనిషిగా అంతరిక్షంలోకి వెళ్ళిన రోజు. ఎవరూ అలా పెట్టుకోలేదు, శుక్రవారం ఆగిపోబట్టి అలా కుదిరింది. లోపల ఇద్దరే ఉన్నారు. జాన్ యంగ్‌కి యాభై ఏళ్ళు, అప్పటికే నాలుగుసార్లు అంతరిక్షానికి వెళ్ళి, చంద్రుడి మీద నడిచి వచ్చినవాడు. రాబర్ట్ క్రిపెన్‌కి అదే మొదటిసారి. అంతకుముందు అమెరికాలో ఏ వాహనాన్నయినా మనుషుల్లేకుండా పంపి చూశాకే మనుషుల్ని ఎక్కించారు. దీన్ని మాత్రం మొదటిసారే మనుషులతో పంపుతున్నారు. నాన్నకి ఆ విషయం తెలుసు. అందుకే పానకం గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డారు.

ఏడు గంటలు దాటీ దాటకముందే వెలుగు వచ్చింది. ముందు వెలుగే. ఆ మొదటిసారి పెద్ద ట్యాంకుకి తెల్లరంగు వేశారు కాబట్టి మొత్తం తెల్లగా, ఎండలో గుడి గోపురంలా లేచింది. పాతవాళ్ళు మూన్ రాకెట్ నెమ్మదిగా కదిలేదని చెప్పుకునేవాళ్ళు. ఇది అలా కాదు, ఒక్క ఊపున లేచింది. చప్పుడు లేదు. మాకూ దానికీ మధ్య పంతొమ్మిది కిలోమీటర్లు. దాదాపు నిమిషం తర్వాత నీళ్ళ మీదుగా వచ్చింది శబ్దం. మొదట పాదాలకి తెలిసింది, తర్వాత ఛాతీకి, ఆ తర్వాత చెవులకి. అవతలి మడ అడవుల్లోంచి పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. జనం ఏడుస్తున్నారు, అరుస్తున్నారు. అక్క మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని రెండు నిమిషాలు గడిచేదాకా, పక్కనున్న రెండు బూస్టర్లూ విడిపోయాయని రేడియో చెప్పేదాకా ఊపిరి తీసినట్టు లేదు.

ఆ మధ్యాహ్నం టీవీలో పిడుగులాంటి వార్త వచ్చింది. సరుకు గది తలుపులు తెరిస్తే కెమెరాకి ఓడ వెనక భాగం కనిపించింది. అక్కడ టైల్స్ ఊడిపోయిన చోట నల్లటి గళ్ళు. దేశమంతా ఒకటే టెన్షన్: పైన ఊడితే కింద కూడా ఊడి ఉంటాయా? అక్క మా ఇంటికి పరుగెత్తుకొచ్చి, టీవీకి బాగా దగ్గరగా కూర్చుని చూసింది. "ఆ చోట వేడి తక్కువ, పరవాలేదు. పొట్ట కింద ఉన్నవే ప్రాణం," అంది. తర్వాత ఇంకేమీ అనలేదు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. మంగళవారం దాకా ఆరనివ్వలేదు.

మంగళవారం మధ్యాహ్నం క్లాసులోకి టీవీని చక్రాల బల్ల మీద తోసుకొచ్చారు. వాతావరణంలోకి దిగేటప్పుడు రేడియో సంబంధం తెగిపోయింది. చాలాసేపు ఏమీ వినపడలేదు. మా టీచర్ భర్త కూడా ఆ పనిలోనే ఉన్నాడు. ఆవిడ బోర్డు వైపు తిరిగి నిలబడిపోయింది. అప్పుడు యంగ్ గొంతు వినిపించింది. కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో ఎండిన చెరువు నేల మీద రెక్కలున్న ఓడ విమానంలా దిగింది. రెండు రోజుల ఆరు గంటల పైచిలుకు ప్రయాణం అయింది. యంగ్ మెట్లు గబగబా దిగి నేరుగా ఓడ కిందికి వెళ్ళాడు. తలెత్తి పొట్ట వైపు చూస్తూ అటూ ఇటూ తిరిగాడు, గాలిలో పిడికిలి ఊపాడు. సాయంత్రం అక్క ఆ ఒక్క సంగతే పదిసార్లు చెప్పింది: ఆయన ముందు టైల్స్ చూశాడు.

*

చరిత్రలో ఏప్రిల్ 12 రాశారు. నన్నడిగితే అంత పెద్దరోజు ఇంకొకటి ఉంది: నవంబర్ 12. అదే కొలంబియా రెండోసారి వెళ్ళిన రోజు. మనుషుల్ని తీసుకుని కక్ష్యకి వెళ్ళొచ్చిన ఓడ మళ్ళీ కక్ష్యకి వెళ్ళడం లోకంలో అదే మొదలు. ఆ ఏడు నెలల్లో అక్కావాళ్ళు ఊడినవి వేశారు, చెడినవి మార్చారు, బాగున్నవి కూడా ఒక్కొక్కటీ తడిమి చూశారు. మొదటిసారి బూస్టర్లు వెలిగినప్పుడు వచ్చిన ఒత్తిడి అనుకున్నదానికంటే చాలా ఎక్కువ అని తేలింది. లాంచ్‌ప్యాడ్ దగ్గర నీళ్ళు చల్లే పద్ధతి మార్చారు. కాగితం మీద లెక్క కట్టినప్పుడు ఓడ దిగాక రెండు వారాల్లో మళ్ళీ ఎగరాలి. నిజంలో అత్యంత వేగంగా జరిగింది, ఎగిరిన రోజు నుంచి మళ్ళీ ఎగిరిన రోజుకి 54 రోజులు, అది 1985లో, అట్లాంటిస్ అనే ఇంకో షటిల్‌తో.

షటిల్‌ని చాలామంది వైఫల్యం అంటారు. ఖర్చు లెక్కలో వాళ్ళన్నది నిజమే, చవగ్గా పంపుతామన్న మాట నిలబడలేదు. కానీ హబుల్ టెలిస్కోపుని మోసుకెళ్ళింది షటిలే. అయిదుసార్లు పైకి వెళ్ళి దాన్ని బాగుచేసిన మనుషుల్ని తీసుకెళ్ళింది కూడా అదే. అంతరిక్ష కేంద్రం ముక్కల్లో ఎక్కువ భాగం మోసిందీ అదే. వెళ్ళి తిరిగొచ్చే ఓడకి ఎంత సేవ కావాలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఎందుకంటే అంతకుముందు మనుషుల్ని కక్ష్యకి మోసుకెళ్ళిన ఏ ఓడా రెండోసారి కక్ష్యకి వెళ్ళలేదు. ఆ సేవ ఎంతో నేర్చుకున్నది మా ఊరు.

*

1984 నుంచి ఓడలు మా దగ్గరే దిగడం మొదలైంది. అప్పటి నుంచి ఊరికి కొత్త చప్పుడొకటి అలవాటైంది. ధబ్, ధబ్. ముక్కు దగ్గర పుట్టిన అల ఒకటి, తోక దగ్గర పుట్టింది ఒకటి, మధ్యలో అర సెకను. కిటికీ అద్దాలు అదిరేవి. అమ్మ తెనాలి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులు అలమరలో గలగలమనేవి. వీధి కుక్కలన్నీ మొరిగేవి. "వచ్చేశారు," అనేది అమ్మ. ఊళ్ళో అందరూ అదే మాట అనేవాళ్ళు. వెళ్ళేటప్పుడు చూడ్డానికి లోకమంతా వచ్చేది. తిరిగొచ్చే చప్పుడు మాత్రం మాది.

1986లో కూలిపోయిన షటిల్ ఛాలెంజర్ గురించి ఎక్కువ రాయలేను. తోటల్లో మంచు పట్టిన జనవరి ఉదయం, స్కూలు మైదానంలో నిలబడి ఉన్నాం. పొగ రెండుగా చీలింది. మా సైన్సు సార్ అందర్నీ లోపలికి పొమ్మన్నాడు, ఎవరమూ కదల్లేదు.

2003 ఫిబ్రవరి 1 శనివారం. నేను అప్పటికి వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాను, అమ్మానాన్నలని చూడ్డానికి వచ్చాను. కొలంబియా తొమ్మిదింబావుకి దిగాలి. లోపల కల్పనా చావ్లా ఉంది. ఆమెకది రెండో ప్రయాణం, అదీ అదే ఓడలో. కర్నాల్ అమ్మాయి అని అమ్మ ఊళ్ళో అందరికీ గర్వంగా చెప్పుకునేది. కాఫీ గ్లాసులతో వాకిట్లోకి వచ్చాం. అక్క కూడా కంచె దగ్గర నిలబడింది. తొమ్మిదింబావు అయింది. చప్పుడు రాలేదు. ఇంకో నిమిషం చూశాం. ఆకాశం శుభ్రంగా ఉంది, గాలి లేదు. అక్క గ్లాసు గోడ మీద పెట్టి, "రావాలి. ఈపాటికి రావాలి," అంది. నాన్న లోపలికి వెళ్ళి టీవీ పెట్టారు.

ఎగిరేటప్పుడు ట్యాంకు నుంచి ఊడిన నురగ ముక్క ఎడమ రెక్క అంచుని పగలగొట్టింది. ఆ కన్నంలోంచి వేడి లోపలికి వెళ్ళి, దిగే దారిలోనే ఓడ ముక్కలైంది. టెక్సాస్ పొలాల్లో, అడవుల్లో వేలమంది నెలల తరబడి వెతికి 84,000కి పైగా ముక్కలు ఏరారు. అవి మా ఊరి అవతలి హ్యాంగర్‌కి వచ్చాయి. నేల మీద గళ్ళు గీసి, ఓడ ఆకారంలో ఒక్కో ముక్కా దాని చోట పరిచారు. ఆ పనిలో అక్క ఉంది. నంబరు కొంచెం కనిపించినా అది ఎక్కడిదో చెప్పగలిగేవాళ్ళు కావాలి మరి. ఎప్పుడో హోటల్ పని మానేసి వచ్చిన పిల్ల, తన చేతుల మీదుగా ఎదిగిన ఓడని ముక్కలుగా తిరిగి పేర్చింది. తిరిగి దొరికింది మూడో వంతుకి కొంచెం పైన, బరువు లెక్కన 38 శాతం. ఆ నెలల్లో అమ్మ రోజూ అన్నం పంపేది. ఏం చేశావని అడిగేది కాదు.

2011 జులైలో అట్లాంటిస్ తెల్లవారకముందే దిగింది. అది 135వది, ఆఖరిది. చీకట్లో ఆ రెండు చప్పుళ్ళూ విన్నాం. ఆ తర్వాత అక్కకీ, ఊళ్ళో వేలమందికీ ఉద్యోగం పోయింది. మళ్ళీ ఇళ్ళకి తాళాలు.

*

ఇప్పుడు ఊరు మళ్ళీ నిండింది. కొలంబియా లేచిన 39ఏ ప్యాడ్ నుంచే 2020లో స్పేస్‌ఎక్స్ కంపెనీ వాళ్ళ ఓడ క్రూ డ్రాగన్ మనుషుల్ని తీసుకెళ్ళింది. దాన్ని నడిపిన డగ్ హర్లీ, 2011 ఆఖరి షటిల్‌లో పైలట్. ఇప్పుడు తిరిగొచ్చేది రాకెట్ కింది భాగం, బూస్టర్. మూడు చప్పుళ్ళు చేస్తుంది. అమ్మ గ్లాసులు ఇంకా గలగలమంటాయి కానీ ఆ చప్పుళ్ళ లెక్క మారింది. వ్యోమగామి రాజాచారి అలాంటి డ్రాగన్‌లోనే వెళ్ళినప్పుడు, ఆయన తండ్రి హైదరాబాద్ నుంచి వచ్చినవాడని చెబితే అమ్మ ఒడ్డుకి వెళతానని పట్టుబట్టింది.

ఇస్రో వాళ్ళ రెక్కల వాహనం వీడియో కూడా అక్కకి చూపించాను. 2016లో దాని మొదటి నమూనా శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2023, 2024ల్లో ఇంకో నమూనాని చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్ నుంచి వదిలితే తనంతట తను రన్‌వే మీద దిగింది. పేరు పుష్పక్. అక్క దిగడం గురించి ఏమీ అనలేదు. ఆపి, వెనక్కి తిప్పి, పొట్ట కింద ఏముందని అడిగింది. శ్రీహరికోట నుంచి ఎగిరినదానికి సిలికా టైల్సే వేశారని చెబితే, అతికించినవాళ్ళ ఫొటో ఏమైనా ఉందా అంది.

ఆమెకి డెబ్భై దగ్గరపడుతున్నాయి. ఇప్పుడామె మనసంతా స్పేస్‌ఎక్స్ వాళ్ళ పెద్ద ఓడ స్టార్‌షిప్ మీద ఉంది. దానికి దాదాపు 18,000 ఆరుపలకల టైల్స్, కేప్ కెనావెరల్‌లోనే చేస్తున్నారు. చాలావాటిని జిగురుతో కాకుండా పిన్నులతో బిగిస్తున్నారు, ఎక్కువభాగం ఒకే ఆకారం. అది మంచి ఆలోచన అంటుంది. మేం రెండేళ్ళు పడ్డ కష్టం వాళ్ళు పడక్కర్లేదు అంటుంది. కానీ దిగాక ఒక్కోదాన్నీ తడిమి చూసేది ఎవరు, ఎంతసేపు చూస్తారు, ఎవరు సంతకం పెడతారు అనే ప్రశ్నలు రాసుకుని పెట్టుకుంది. ఆ ఫ్యాక్టరీలో చేరిన కుర్రాడొకడు మా వీధి చివర అద్దెకి దిగాడు. వచ్చే ఆదివారం అతన్ని భోజనానికి పిలిచింది. అమ్మ పులిహోర చేస్తానంది.